తెల్ల కొంగ ఈకలు నిలబెట్టే సాఫ్ట్‌వేర్: డార్క్‌టేబుల్ రివ్యూ

చెన్నైలో నీటి పక్షుల ఫోటోలు తీసేవాళ్ల మధ్య ఎప్పుడూ నలిగే చర్చ ఒక్కటే: ఏ లెన్స్ కొనాలి? ఆదివారం పొద్దున పళ్లికరణై చిత్తడి నేల దగ్గర రోడ్డు పక్కన కాసేపు నిలబడితే చెవిన పడే మాటల్లో సగం అవే. ఎడిటింగ్ సంగతి అడిగితే మాత్రం "ఫోన్‌లోనే కానిచ్చేస్తానండీ" అంటారు. లక్షలు పోసి లెన్స్ కొని, చివరి పని ఫోన్ బటన్‌కు వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. మనం ఇక్కడ తీసే పక్షుల్లో ఎక్కువ తెల్లవే. రకరకాల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు. ఎండ చూస్తే సముద్రపు ఒడ్డు ఎండ. పొద్దున ఎనిమిది దాటిందంటే తెల్ల ఈక మీద వెలుగు ఎంత గట్టిగా పడుతుందో తీసినవాళ్లందరికీ తెలుసు. ఆ వెలుగులో కూడా ఈక పక్కన ఈక విడివిడిగా కనపడాలంటే రా ఫైలును (సెన్సర్ నుంచి వచ్చిన ముడి ఫైలు) ఎలా తెరిచి, ఎలా సర్దుతామన్నది లెన్స్ అంత ముఖ్యం. అందుకే రా ఫైళ్లు ఎడిట్ చేయడానికి నేను కొన్నేళ్లుగా వాడుతున్న కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్ గురించి రాస్తున్నాను.

నేను బ్యాంకు ఉద్యోగిని. ఉండేది మేడవాక్కంలో, పుట్టిల్లు సూళ్లూరుపేట. వారాంతాల్లో పళ్లికరణై, పెరుంబాక్కం చెరువు. సెలవులు కలిసొస్తే లోకల్ రైలెక్కి మా ఊరు, అక్కడినుంచి పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం. కెమెరా నికాన్ డీ7500, లెన్స్ నికాన్ 200-500. ఈ లెన్స్ బరువు 2.3 కిలోలు, చివరిదాకా జూమ్ చేసినా ఎఫ్ 5.6 (వెలుగు లోపలికి వచ్చే కంత కొలత) నిలబెట్టుకుంటుంది. నా కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి 750 ఎంఎం లెన్స్‌తో చూసినంత దగ్గరగా పక్షి కనిపిస్తుంది. సామాను గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. మీ దగ్గర వేరే కెమెరా ఉన్నా కింద రాసింది చాలావరకు పనికొస్తుంది.

డార్క్‌టేబుల్ పూర్తిగా ఉచితం. 2009లో మొదలైంది, స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు నడుపుతున్నారు, ఏటా జూన్‌లో ఒకటి, డిసెంబరులో ఒకటి కొత్త వెర్షన్ వస్తుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ఫోన్‌లో లేదు. అసలు ఫైలును అది ముట్టుకోదు. మనం చేసిన మార్పులన్నీ పక్కనే ఒక చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలులో రాసి పెట్టుకుంటుంది, ఎప్పుడైనా వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ముందు తెల్ల పక్షి సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ సాఫ్ట్‌వేర్ విలువ తెలిసేది అక్కడే.

జేపెగ్ ఫైలులో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటాయి. నా కెమెరా 14 బిట్ రా ఫైలులో 16,384. తెల్ల ఈకలో ఉన్న తేడాలన్నీ పై కొసన, చాలా దగ్గర దగ్గర విలువల్లో ఉంటాయి. జేపెగ్‌లో అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తర్వాత ఫోన్‌లో ఆటో నొక్కితే మిగిలిన కాస్తా పోతుంది. మా పెదనాన్నగారి అబ్బాయి అలా ఆటో కొట్టిన కొంగ ఫోటో ఒకటి ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా అమ్మ చూసి, "ఏందే ఇది, కొంగా సున్నం ముద్దా?" అని అడిగింది. అమ్మ చిన్నప్పటినుంచి నేలపట్టు పక్షులను చూస్తూ పెరిగిన మనిషి. గుడ్లు పెట్టే కాలంలో పెద్ద తెల్ల కొంగకు వీపు మీదనుంచి తోక దాటి వేలాడే సన్నటి ఈకలుంటాయి, ఫోటోలో ఆమె వెతికేది వాటినే. 19వ శతాబ్దం చివర్లో యూరప్, అమెరికాల్లో ఆడవాళ్ల టోపీలకు కుట్టడానికి ఈ ఈకల కోసమే కొంగలను కుప్పలు కుప్పలుగా చంపారు. ఆ వ్యాపారాన్ని ఎదిరించిన ఆడవాళ్లే 1889లో ఇంగ్లండులో పక్షుల రక్షణ సంఘం పెట్టారు, ఇవాళ్టి ఆర్‌ఎస్‌పీబీ (రాయల్ సొసైటీ ఫర్ ద ప్రొటెక్షన్ ఆఫ్ బర్డ్స్) అదే. అంత చరిత్ర ఉన్న ఈకలను ఒక్క ఆటో బటన్‌తో తుడిచేయడం నాకు మనసొప్పదు.

డార్క్‌టేబుల్‌లో ఫైలు తెరవగానే మొదట గమనించాల్సింది ఎక్స్‌పోజర్ మాడ్యూల్, అంటే వెలుగు సర్దే పనిముట్టు. ఇక్కడ ఒక్కో పనికి ఒక్కో మాడ్యూల్ ఉంటుంది. కొత్త పద్ధతిలో అది తనంతట తానే 0.7 స్టాపు (ఒక స్టాపు పెంచితే వెలుగు రెట్టింపు) వెలుగు పెంచి చూపిస్తుంది. మనుషుల ఫోటోలకు, ప్రకృతి దృశ్యాలకు అది బాగానే ఉంటుంది. తెల్ల కొంగ మాత్రం తెరవగానే తెల్లబారిపోయినట్టు కనపడి కంగారు పెడుతుంది. చాలామంది ఇక్కడే "ఇది పనికిరాదు" అని వదిలేస్తారు. ఆ 0.7ని సున్నాకు తెచ్చి చూడండి. పొలంలోనో చెరువు దగ్గరో మనం ముదురు నీళ్ల ముందు నిలబడ్డ కొంగను ఒక స్టాపు తగ్గించి తీసి ఉంటాం కదా, ఆ తగ్గింపును కూడా సాఫ్ట్‌వేర్ లెక్కలోకి తీసుకుని సరిచేస్తుంది. ఎక్స్‌పోజర్ మాడ్యూల్‌లోనే దానికొక టిక్కు ఉంటుంది. తెల్ల పక్షులకు నేను ఆ టిక్కు తీసేస్తాను.

రెండోది, నాకు అన్నిటికంటే నచ్చినది. ఇక్కడ వెలుగు హెచ్చరికలు రెండు వేరువేరుగా ఉంటాయి. ఒకటి, స్క్రీన్ మీద ఇప్పుడు కనపడుతున్న బొమ్మలో ఎక్కడ తెల్లగా కొట్టేసిందో చెబుతుంది. రెండోది, రా ఫైలులోనే సెన్సర్ నిండిపోయిన చోటు ఎక్కడో చెబుతుంది. మొదటి హెచ్చరిక వెలిగి రెండోది వెలగకపోతే టెన్షన్ అక్కర్లేదు, ఈక ఫైలులో భద్రంగా ఉంది, స్లైడర్ కిందికి లాగితే వచ్చేస్తుంది. రెండోదీ వెలిగిందంటే ఆ చోట సమాచారం నిజంగానే పోయింది. మామూలుగా పగటి వెలుగులో ఆకుపచ్చ చానెల్ ముందు నిండుతుంది, ఎరుపు, నీలం ఇంకా మిగిలి ఉంటాయి. హైలైట్ రీకన్‌స్ట్రక్షన్ అనే మాడ్యూల్ ఆ మిగిలిన చానెళ్లను ఆధారం చేసుకుని పోయినదాన్ని చాలావరకు నిలబెడుతుంది. మూడూ నిండిపోతే ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు, ఆ ఫోటో తీసేయడమే. ఈ రెండు హెచ్చరికల తేడా అర్థమయ్యాక చెరువు దగ్గర ఫోటో తీసే పద్ధతే మారిపోతుంది. ఎంతవరకు వెలుగు పెంచొచ్చో, ఎక్కడ ఆగాలో చేతికి తెలుస్తుంది.

తర్వాత మాస్కులు. మార్పు ఫోటోలో ఏ చోటికి మాత్రమే తగలాలో చెప్పేది మాస్క్. కొంగ తెల్లగా, వెనక నీళ్లు ముదురుగా ఉన్నాయనుకోండి. పారామెట్రిక్ మాస్క్ తెరిచి "ఇంతకంటే వెలుగున్నవి మాత్రమే" అని స్లైడర్ జరిపితే పక్షి మీద పసుపు రంగు పరుచుకుంటుంది, మాస్క్ పడిన చోటు అన్నమాట. సమస్య ఎక్కడంటే నీళ్ల మీద తళుక్కుమనే మెరుపులు, కొంగ ప్రతిబింబం కూడా అందులోకి వచ్చేస్తాయి. అప్పుడు పక్షి చుట్టూ చేత్తో ఒక గీత గీసి, రెండు మాస్కులనూ కలిపేయాలి. గీత లోపల ఉన్నవాటిలో వెలుగున్నవి మాత్రమే మిగులుతాయి. అంచులు సరిగ్గా ఈకల వెంట సర్దుకునేలా ఫెదరింగ్ స్లైడర్ ఉంది. మెడ మీది సన్న ఈకలను కూడా అది బాగా పట్టుకుంటుంది. మాస్క్ అయ్యాక ఎక్స్‌పోజర్ మాడ్యూల్‌ను రెండోసారి తెరిచి పక్షికి మాత్రమే కాస్త తగ్గిస్తాను, చిన్న చిన్న వెలుగునీడల తేడాలను ఎత్తి చూపే లోకల్ కాంట్రాస్ట్ కూడా పక్షికి మాత్రమే ఇస్తాను. ఇదే మాస్క్‌ను తర్వాతి మాడ్యూళ్లలో మళ్లీ గీయకుండా వాడుకోవచ్చు. నీళ్లను అసలు ముట్టుకోను. వెనక నీళ్లకు కాంట్రాస్ట్ ఇచ్చామంటే ప్రతి అల కూడా పైకి లేచి కళ్లు పక్షి మీద నిలవవు.

ఒక్క బటన్‌తో పక్షిని పట్టుకునే సౌకర్యం డబ్బులు కట్టే సాఫ్ట్‌వేర్లలో ఉంది, దాన్ని చిన్నచూపు చూడను. రెల్లు గడ్డి మధ్య దాక్కున్న పక్షి అయితే నా పద్ధతిలో చేతిపని ఎక్కువ. కానీ ముదురు నీళ్ల మీద తెల్ల పక్షికి ఈ వెలుగు మాస్క్ ఇచ్చే అంచు చాలా సహజంగా ఉంటుంది.

పళ్లికరణైలో తీసేవాళ్లకు ఇంకో చిక్కుంది. నీళ్లు పచ్చగా ఉంటాయి, ఆ పచ్చదనం కొంగ పొట్ట కింద, రెక్కల అడుగున పడుతుంది. ఫోటో మొత్తానికి వైట్ బ్యాలెన్స్ మార్చితే పొట్ట తెల్లబడి వీపు గులాబీ రంగులోకి తిరుగుతుంది. కలర్ బ్యాలెన్స్ ఆర్‌జీబీ మాడ్యూల్‌లో పచ్చ రంగున్న చోటికి మాత్రమే మాస్క్ పెట్టి, పక్షి పరిధిలో రంగు సాంద్రత కొద్దిగా తగ్గిస్తే చాలు. పూర్తిగా తీసేయను. నీళ్ల మీద నిలబడ్డ పక్షికి నీళ్ల రంగు కాస్త అంటడం న్యాయమే.

రంగుల దగ్గర జాగ్రత్త ఎందుకంటే కొంగలను గుర్తుపట్టేది చాలావరకు రంగులతోనే. చిన్న తెల్ల కొంగకు ముక్కు నలుపు, కాలివేళ్లు పసుపు. పెద్ద తెల్ల కొంగ ముక్కు మామూలు రోజుల్లో పసుపు, జతకట్టే కాలంలో నలుపు. నడిమి రకానికీ పెద్ద రకానికీ తేడా చూడాలంటే నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోయిందా లేదా అని చూస్తాం. ఆ గీత కనపడాలంటే ముఖం దగ్గర నీడలు నల్లగా మూసుకుపోకూడదు. రంగుల గాఢత పెంచే సాచురేషన్ స్లైడర్‌ను ఇష్టం వచ్చినట్టు లాగి ముక్కు రంగు మార్చేసిన ఫోటోలు చూస్తుంటాను. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, పక్షి ఏదో మాత్రం చెప్పలేం.

నల్ల పక్షులకు టోన్ ఈక్వలైజర్. బొల్లికోడిని తీసుకోండి, ఒళ్లంతా నలుపు, నుదుటి మీద తెల్లటి పట్టీ, ఎర్రటి కన్ను. నలుపును లేపితే తెల్ల పట్టీ కొట్టేస్తుంది, పట్టీని కాపాడితే కన్ను చీకట్లో మునుగుతుంది. ఈ మాడ్యూల్‌లో మౌస్‌ను ఫోటోలో నల్లటి చోట పెట్టి చక్రం తిప్పితే ఆ వెలుగు స్థాయిలో ఉన్నవి మాత్రమే లేస్తాయి, ఈకల నునుపు చెడదు. నీటికాకి తడి రెక్కలు ఆరబెట్టుకుంటున్న ఫోటోలకు కూడా ఇదే వాడతాను. నల్లగా కనిపించే రెక్కల్లో కంచు రంగు మెరుపు ఉందని ఇంట్లోవాళ్లకు తెలిసింది ఈ మాడ్యూల్ పుణ్యమే.

నాయిజ్ (ఫోటోలో చుక్కలుగా కనపడే గరుకుదనం) తగ్గించే మాడ్యూల్‌లో ఒక్కో కెమెరాకు, ఒక్కో ఐఎస్‌ఓకు (వెలుగు తక్కువైనప్పుడు కెమెరాలో పెంచే అంకె) విడిగా కొలిచిన లెక్కలున్నాయి. ఆన్ చేస్తే చాలు, నా కెమెరాలో 1600 దాకా ఇంకేమీ ముట్టుకోనక్కర్లేదు. 3200 పైన, మబ్బు పట్టిన నవంబరు సాయంత్రాల్లో తీసినవాటికి మాత్రం డబ్బు కట్టి వాడే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో 2023లో వచ్చిన ఏఐ డినాయిజ్ దీనికంటే స్పష్టంగా మెరుగు. వానాకాలమే మీ సీజన్ అయితే ఇది లెక్కలో పెట్టుకోండి.

షార్ప్‌నెస్ కోసం డిఫ్యూజ్ ఆర్ షార్పెన్ అనే మాడ్యూల్ ఉంది. లెన్స్ మెత్తదనాన్ని సరిదిద్దే సిద్ధం చేసిన సెట్టింగులు అందులోనే ఉంటాయి, మధ్యస్థంగా ఉన్నది చాలు. పాత ల్యాప్‌టాప్‌లో ఇది నిదానం, గ్రాఫిక్స్ కార్డు ఉంటేనే హాయి. ఒక మాట గుర్తుంచుకోవాలి. పొద్దెక్కాక నీళ్ల మీద, రోడ్డు మీద లేచే వేడి గాలి వల్ల మెత్తబడిన ఫోటోను ఏ షార్పెనింగూ బాగుచేయదు. పులికాట్‌లో దూరంగా ఉన్న రాజహంసల ఫోటోలు మధ్యాహ్నం తీస్తే వచ్చే కాళ్ల వంకరలు ఆ గాలివే. అలాంటివాటి మీద రాత్రుళ్లు కూర్చోవడం దండగ, తెల్లవారుజామునే వెళ్లాలి.

ఏరివేత పని గురించి రెండు ముక్కలు. ఎగిరే పక్షిని సెకనుకు 8 చొప్పున తీసుకుంటూ పోతే కార్డు నిండుతుంది. ఫోటోలన్నీ వరసగా చూపించే లైట్‌టేబుల్‌లో కంట్రోల్, డబ్ల్యూ కలిపి పట్టుకుంటే ఫోటో పెద్దదై ఫోకస్ పడిన చోటు కూడా చూపిస్తుంది. కన్ను మీద పడిందా, రెక్క మీద పడిందా అని అక్కడికక్కడే తేలిపోతుంది. పనికిరానిదానికి ఆర్ నొక్కడమే. ఒక ఫోటోకు చేసిన మార్పులను కాపీ చేసి వరసలో మిగతావాటికి అతికించొచ్చు. గీసిన మాస్క్ మాత్రం పక్షి కదిలిన మేరకు జరుపుకోవాలి.

కష్టం దాచను. మొదటి కొన్ని వారాలు ఈ సాఫ్ట్‌వేర్ మనిషిని విసిగిస్తుంది. ఒకే పనికి మూడు నాలుగు మాడ్యూళ్లుంటాయి, ఏది వాడాలో చెప్పేవాళ్లుండరు. యూట్యూబ్‌లో దొరికే పాత వీడియోల్లో చెప్పే పద్ధతి ఇప్పటిది కాదు, వాటిని చూసి నేర్చుకుంటే ఇంకా గందరగోళం. దీనికి విరుగుడు ఉంది. మాడ్యూళ్ల గుంపును మనమే తయారుచేసుకోవచ్చు. నేను "పక్షులు" అని ఒక గుంపు పెట్టుకున్నాను: ఎక్స్‌పోజర్, హైలైట్ రీకన్‌స్ట్రక్షన్, సిగ్మాయిడ్ (ఫోటో వెలుగును స్క్రీన్‌కు సరిపడేలా కుదించేది), టోన్ ఈక్వలైజర్, కలర్ బ్యాలెన్స్ ఆర్‌జీబీ, డినాయిజ్, లోకల్ కాంట్రాస్ట్, డిఫ్యూజ్ ఆర్ షార్పెన్, క్రాప్. మిగతావి కంటికే కనపడవు. మా పక్కింటి కాలేజీ అమ్మాయికి ఈ గుంపుతోనే నేర్పాను. "ఆంటీ, ఇంతేనా?" అంది. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఇంగ్లిషు మాన్యువల్ చాలా శ్రద్ధగా రాసింది, అర్థం కాని చోట ముందు అది చదవండి.

రీటచ్ మాడ్యూల్ కూడా ఉంది, ఫోటోలో నచ్చనివి చెరిపేయొచ్చు. ఆకాశంలో సెన్సర్ దుమ్ము మచ్చలకు తప్ప దాన్ని వాడను. పళ్లికరణై 2022లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి, వచ్చిన నేల. దాని చుట్టూ ఐటీ భవనాలు, అపార్ట్‌మెంట్లు, ఒక పక్క పెరుంగుడి చెత్త దిబ్బ. ఊదా రంగు నీటికోడి వెనక అద్దాల మేడ కనపడితే కనపడనీ. ఆ పక్షి బతుకుతున్నది అక్కడే. భవనాన్ని చెరిపేసి వెనక అడవి ఉన్నట్టు చూపిస్తే రేపు ఆ నేల తగ్గిపోతోందని చెప్పడానికి మన దగ్గర ఆధారమేముంటుంది? నీళ్లలో ప్లాస్టిక్ సీసా తేలుతున్నా అలాగే ఉంచుతాను.

ప్రింట్ వేయించేవాళ్లకు ఒక సలహా. నగరంలో ఒక ల్యాబుకు గూడబాతు ఫోటో ఇస్తే, వాళ్ల మెషీన్ తనంతట తానే వెలుగు పెంచేసి, పై ముక్కు మీది మచ్చల వరసతో సహా అన్నీ పాలిపోయేలా చేసి చేతిలో పెట్టారు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతి పెట్టి, "ఆటో కరెక్షన్ వద్దండీ" అని కవరు మీద రాసి ఇవ్వండి. ల్యాబ్ వాళ్లు కలర్ ప్రొఫైల్ ఇస్తే డార్క్‌టేబుల్‌లోని సాఫ్ట్‌ప్రూఫ్‌లో ప్రింట్ ఎలా వస్తుందో ముందే చూసుకోవచ్చు. అమ్మ గదిలో గోడకున్న కొంగ ఫోటో అలా వేయించిందే.

ఎవరికి పనికొస్తుందంటే, రా ఫైళ్లు తీసేవాళ్లకు, కంప్యూటర్ ముందు ఓపిగ్గా కూర్చోగలిగేవాళ్లకు, నెలనెలా చందా కట్టడం ఇష్టం లేనివాళ్లకు కళ్లు మూసుకుని చెబుతాను. చెరువు గట్టు మీదనుంచే ఫోటో పోస్ట్ చేయాలనుకునేవాళ్లకు ఇది వద్దు. కొత్త నికాన్ జెడ్8, జెడ్9 ఉన్నవాళ్లు ఒకటి చూసుకోండి. వాటిలో హై ఎఫిషియెన్సీ అనే రా పద్ధతి ఉంది, నేను వాడిన వెర్షన్లలో ఆ ఫైళ్లు తెరుచుకోవు. కెమెరాలో లాస్‌లెస్ కంప్రెషన్ (సమాచారం పోకుండా ఫైలును కుదించే పద్ధతి) పెట్టుకుని తీస్తే ఇబ్బంది లేదు. డార్క్‌టేబుల్ సొంత సైటులో ఏ కెమెరాలు పనిచేస్తాయో జాబితా ఉంది. అందులో మీ కెమెరా పేరు చూసుకుని, అక్కడినుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. మొదటి ప్రయత్నానికి నీడ పట్టున తీసిన తేలిక ఫోటో వద్దు, మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన కొంగ ఫైలు ఒకటి తెరవండి.